అరవై ఒకటో ఏట ఒంటరిగా పెరూకు

ప్రశ్న: నాకు అరవై ఒకటి నడుస్తోంది. తెనాలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. మా వారు పోయి నాలుగేళ్లయింది. ఈ మే నుంచి సెప్టెంబరు చివరి వరకు డల్లాసులో మా అమ్మాయి దగ్గర ఉంటాను. ఆగస్టు నెలలో అక్కడి నుంచి పన్నెండు రోజులు పెరూ దేశం చూసి రావాలని కోరిక. అమ్మాయికీ అల్లుడికీ సెలవు దొరకదు. ‘ఈ వయసులో, భాష రాని దేశంలో, ఒక్కదానివే ఎలా తిరుగుతావు’ అని మా తమ్ముడు కోప్పడుతున్నాడు. నేను రాసుకొన్న జాబితా ఇది: లిమా, నాజ్కా గీతలు, అరెకీపా, కోల్కా లోయ, టిటికాకా సరస్సు, కుస్కో, ఇంద్రధనుస్సు కొండ, మాచు పిచ్చు, వీలైతే అమెజాన్ అడవి. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. బీపీకి రోజూ మాత్ర వేసుకొంటాను. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి చేస్తుంది. నేను వెళ్లవచ్చా? చీరతో తిరగవచ్చా? దయచేసి పేరు వేయవద్దు.

సమాధానం: టీచరు గారూ, వెళ్లండి. మీ మొదటి ప్రశ్నకు ఇదే నా జవాబు. చీర సంగతి చివర చెబుతాను. అయితే మీ ఉత్తరంలో ఒక తిరకాసు ఉంది. మీ తమ్ముడు గారు భయపడనక్కరలేని దానికి భయపడుతున్నారు, మీరేమో భయపడవలసిన దానికి భయపడడం లేదు. భాష రాకపోవడం, వెంట మనిషి లేకపోవడం అనేవి లిమా, కుస్కో, మాచు పిచ్చుల దారిలో పెద్ద అడ్డంకులు కావు. ఆ దారిలో ఏటా లక్షల మంది విదేశీయులు నడుస్తారు, వారిలో ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు ఎందరో ఉంటారు. అసలు అడ్డంకి ఎత్తు. మీరు రాసుకొన్న తొమ్మిది చోట్లను పన్నెండు రోజుల్లో చుట్టబెట్టాలంటే శరీరానికి ఆ ఎత్తు అలవాటు కాకముందే ఒక కొండ మీద నుంచి ఇంకో కొండ మీదకు పరుగెత్తవలసి వస్తుంది.

ఈ మాట నా సొంత బుద్ధితక్కువతనం నేర్పిన పాఠం. 2018 సెప్టెంబరులో నేను కూడా ఒక్కదాన్నే వెళ్లాను. అప్పటికి నాకు యాభై దాటింది, రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే అలవాటు ఉంది కాబట్టి ఏమీ కాదనుకొన్నాను. సముద్రం ఒడ్డున ఉన్న లిమాలో ఉదయం విమానమెక్కి గంటంపావులో కుస్కోలో దిగాను. కుస్కో ఎత్తు సుమారు 3,400 మీటర్లు. మన హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లని గుర్తుచేసుకొంటే ఆ తేడా తెలుస్తుంది. గదిలో సంచి పడేసి అదే మధ్యాహ్నం ఊరి పైనున్న సక్సైవామన్ కోట దాకా నడిచి ఎక్కాను. రాత్రి ఎనిమిది గంటలకు తలలో రోకలితో దంచుతున్నట్లు నొప్పి మొదలైంది, మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు, పడుకొంటే ఊపిరి అందక ఉలిక్కిపడి లేచేదాన్ని. ఆ బాధను అక్కడివారు ‘సొరోచే’ అంటారు. లాడ్జి యజమానురాలు నా ముఖం చూసి ఒక్క మాటైనా అడగకుండా ఆక్సిజన్ సిలిండరు తెచ్చి ముక్కుకు పెట్టింది. అక్కడి హోటళ్లలో చాలావాటిలో అది మన ఇళ్లలో జండూబామ్ ఉన్నంత మామూలుగా ఉంటుంది. రెండు రోజులు మంచం దిగలేదు. ఆ రెండు రోజులకు ముందే డబ్బు కట్టిన ప్రయాణాలన్నీ నీళ్లలో పోశాను.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని జాబితాను కాదు, వరుసను మార్చడం. కుస్కో విమానాశ్రయంలో దిగగానే ఊళ్లోకి పోకుండా నేరుగా కారులో ఒయంతాయ్‌తంబోకు వెళ్లిపోండి. రెండు గంటల లోపు ప్రయాణం. ‘పవిత్ర లోయ’ అని పిలిచే ఉరుబంబా నది లోయలో ఆ ఊరు 2,800 మీటర్ల ఎత్తున ఉంది, అంటే కుస్కో కంటే ఆరు వందల మీటర్లు కింద. అక్కడ మూడు రాత్రులు ఉండి, ఇంకా కిందికి 2,430 మీటర్ల ఎత్తున ఉన్న మాచు పిచ్చు శిథిల నగరానికి వెళ్లి, అన్నిటికన్నా ఎత్తున ఉన్న కుస్కోను చివరకు పెట్టుకొంటే, అక్కడికి చేరేసరికి మీ ఒళ్లు ఐదు రోజులుగా ఆ గాలికి అలవాటుపడి ఉంటుంది. ఎక్కువ మంది యాత్రికులు కుస్కోలోనే మొదట బస చేయడం వలననే ఇబ్బంది పడతారు.

బయలుదేరే ముందు మీకు బీపీ మందు రాసే వైద్యుడిని తప్పక కలవండి. ఎత్తుకు వెళ్లేవారికి ఎసెటజొలమైడ్ అనే మాత్ర ఇస్తుంటారు, కానీ అది మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. కొన్ని బీపీ మాత్రలు కూడా అటువంటివే. సల్ఫా మందులు పడనివారు ఆ మాత్ర జోలికి పోకూడదు. అందువలన ఎవరో చెప్పారని దుకాణంలో కొనుక్కొని వేసుకోవద్దు. కొండ మీద మొదటి రెండు రోజులు మెల్లగా నడవడం, రాత్రి భోజనం తగ్గించడం, నీళ్లు తరచుగా తాగడం, వారిచ్చే కోకా ఆకుల టీ రెండు గుక్కలు పుచ్చుకోవడం, ఇంతకు మించి గృహవైద్యం లేదు. తలనొప్పి తగ్గకుండా తూలుడు కానీ, కూర్చున్నా ఆయాసం కానీ వస్తే, తెల్లవారేదాకా ఓర్చుకోకుండా వెంటనే కిందికి దిగిపోవాలి. కోకా టీ గురించి ఇంకొక హెచ్చరిక: అది పెరూలో చట్టబద్ధం, హోటలులోనే గిన్నెలో ఆకులు పెట్టి ఉంచుతారు. కానీ ఆ ఆకులు, ఆ టీ పొట్లాలు అమెరికాలోకి తీసుకురావడం నేరం. అమ్మాయికి చూపిద్దామని నాలుగు ఆకులు కూడా సంచిలో వేసుకోవద్దు.

ఇప్పుడు జాబితా సంగతి. లిమా, మాచు పిచ్చు, కుస్కో, ఈ మూడూ ఉంచి, పవిత్ర లోయను చేర్చి, మిగిలినవన్నీ కొట్టేయమని నా సలహా. ఇంద్రధనుస్సు కొండ 5,000 మీటర్లకు పైన ఉంది, మీ బీపీకీ మోకాలికీ అది సరిపడదు, దానిని గురించి రెండో ఆలోచన అక్కరలేదు. కోల్కా లోయలో రాబందు జాతికి చెందిన కాండోర్ పక్షులు రెక్క ఆడించకుండా మన కళ్లముందే గాలిలో తేలే దృశ్యం అద్భుతమే కానీ, అరెకీపా నుంచి అక్కడికి వెళ్లే రోడ్డు 4,900 మీటర్ల కనుమ దాటుతుంది. ఎడారి నేల మీద గీసిన పెద్ద పెద్ద బొమ్మలైన నాజ్కా గీతలు చూడాలంటే లిమా నుంచి ఏడు గంటల పైగా బస్సు, ఆపైన చిన్న విమానం. ఇరువైపులా కూర్చున్నవారికి బొమ్మలు కనబడాలని పైలట్ దానిని ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి నిలువునా వంచుతాడు. కడుపు ఖాళీగా ఉంచుకొని ఎక్కిన నాకే సాలెపురుగు బొమ్మ వచ్చేసరికి కళ్లు తిరిగాయి. టిటికాకాను వదలమని చెప్పడం ఒక్కటే నాకు మనసొప్పని పని. 3,812 మీటర్ల ఎత్తున సముద్రంలా పరుచుకొన్న ఆ సరస్సులో తుంగవంటి తొతొరా రెల్లును పరిచి కట్టిన తేలే దీవులున్నాయి, తకీలె దీవిలో మగవాళ్లు వీధిలో నడుస్తూ ఉన్ని టోపీలు అల్లుతారు. కానీ కుస్కో నుంచి పోను ఆరేడు గంటలు, రాను ఆరేడు గంటలు. పన్నెండు రోజుల్లో అది పట్టదు.

అమెజాన్ అడవి విషయంలో వేరే లెక్క ఉంది. అక్కడికి వెళ్లేవారు పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా వేయించుకోవాలి. అరవై దాటినవారిలో ఆ టీకా దుష్ప్రభావాలు కొంత ఎక్కువగా కనబడతాయి కాబట్టి వైద్యులు ఆచితూచి ఇస్తారు. లిమాకు, కుస్కోకు, మాచు పిచ్చుకు మాత్రమే పరిమితమైతే ఆరోగ్యరీత్యా ఆ టీకా అవసరం లేదు. అయితే పెరూ ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి నుంచి బయలుదేరి ఆరు రోజులలోపు మన దేశంలో దిగేవారు టీకా పత్రం చూపకపోతే, ఆరు రోజుల దాకా విడిగా ఉంచే నిబంధన ఉంది. మీరు ఆగస్టులో పెరూ ముగించుకొని నెల రోజులు డల్లాసులో ఉండి వస్తున్నారు గనుక మీకు ఆ చిక్కు లేదు. నేరుగా ఇంటికి వచ్చే ఆలోచన మాత్రం చేయవద్దు.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికా వీసా ఇంకా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్న భారతీయులను పర్యటన కోసం పెరూ వేరే వీసా లేకుండానే రానిస్తుంది, 2017 నుంచి ఈ వెసులుబాటు ఉంది. టికెట్టు కొనే ముందు ఆ దేశపు కాన్సులేట్ వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోండి. మీ అమెరికా వీసా ఎన్నిసార్లయినా ప్రవేశించడానికి ఇచ్చినదేనా అన్నది కూడా చూసుకోండి, ఎందుకంటే పెరూ నుంచి తిరిగి డల్లాసులో దిగడం కొత్త ప్రవేశం కిందే లెక్క. అమ్మాయి మీకు తీసుకొన్న ఆరోగ్య బీమా అమెరికాకే పరిమితమై ఉండవచ్చు. పెరూకు, అందులోనూ 4,000 మీటర్ల ఎత్తు వరకు వర్తించే బీమా విడిగా తీసుకోండి. రోజులు ఎంచుకొనేటప్పుడు జూలై 28, 29 తేదీల స్వాతంత్ర్య వేడుకల సెలవులు దాటిపోయాక వెళ్లడం మంచిది, దేశమంతా అప్పుడు ప్రయాణంలో ఉంటుంది. ఆగస్టు అక్కడ చలికాలం. వానలుండవు, ఆకాశం నీలంగా ఉంటుంది, కానీ కుస్కోలో రాత్రిపూట ఎముకలు కొరికే చలి.

లిమాలో రెండు రాత్రులు పెట్టుకోండి. ఆ నెలలో ఊరి మీద ‘గరూవా’ అనే సన్నని మంచు కప్పి, రోజంతా సూర్యుడు కనబడడు, దానికి దిగులుపడవద్దు. అక్కడ మీవంటి లెక్కల టీచరు తప్పక చూడవలసిన వస్తువు ఒకటి లార్కో మ్యూజియంలో ఉంది. దాని పేరు కిపు. అడ్డంగా ఒక లావుపాటి దారం, దానికి వేలాడే పదుల కొద్దీ సన్నని దారాలు, వాటికి ముడులు. చూడడానికి చిక్కుపడిన నూలు కండెలా ఉంటుంది. స్పెయిన్‌వాళ్లు రాకముందు పెరూను ఏలిన ‘ఇంకా’ల సామ్రాజ్యానికి మనకు తెలిసిన రీతిలో లిపి లేదు, ఖాతాలన్నీ ఈ ముడుల్లోనే రాసుకొన్నారు. దారం కొసన ఒకట్లు, దాని పైన పదులు, ఆ పైన వందలు. ఒకట్ల స్థానంలో ఎన్ని చుట్లు తిప్పితే అంత అంకె, పదుల నుంచి పైకి ఎన్ని ముడులుంటే అంత. సున్నా ఉండవలసిన చోట ముడి వేయకుండా ఖాళీ వదులుతారు. మన స్థానవిలువల పద్ధతే, పలకా బలపం లేకుండా. నేను ఆ అద్దాల పెట్టె ముందు నిలబడి, ఒక దారం మీద పైనుంచి మూడు ముడులు, కొంత ఖాళీ, కింద ఏడు చుట్ల ముడి చూసి ‘మూడు వందల ఏడు’ అని పైకే అన్నాను. పక్కనున్న పెద్దాయన నావైపు వింతగా చూశాడు. మీరైతే ఆ పెట్టె ముందు పూట గడిపేస్తారు.

అదే మ్యూజియంలో, ఇంకాల కంటే ఎన్నో శతాబ్దాల ముందటి మోచే ప్రజల కుండలున్నాయి. బంగాళదుంప ఆకారంలో, మొక్కజొన్న ఆకారంలో, వేరుశనగ కాయ ఆకారంలో చేసిన కుండలవి. ఉత్తర పెరూలోని సిపాన్ దగ్గర 1987లో బయటపడిన మోచే ప్రభువు సమాధిలో బంగారంతో, వెండితో చేసిన వేరుశనగ కాయల హారం దొరికింది. వేరుశనగ, మిరప, బంగాళదుంప, టమాటా, జామ, అన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల కాలం తరువాతనే మన దేశానికి చేరాయి. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినదానిగా నాకు ఆ కుండలు పరాయివిగా అనిపించలేదు, బజారులో చిరిమోయ అనే పండు రుచి చూసినప్పుడైతే మరీను. అది మన సీతాఫలానికి స్వయానా అక్క. సాయంత్రం మీరాఫ్లోరెస్ ప్రాంతంలోని వాకా పుక్యానాకు వెళ్లండి. ఇళ్ల మధ్యలో పచ్చి ఇటుకల పిరమిడ్ అది. ఇటుకలను పడుకోబెట్టకుండా బీరువాలో పుస్తకాల్లా నిలబెట్టి, మధ్య సందులు వదిలి పేర్చారు. భూకంపం వచ్చినప్పుడు గోడ విరగకుండా ఊగి ఊరుకోవడానికి ఆ ఉపాయం. పద్నాలుగు వందల ఏళ్లకు పైగా అది నిలిచే ఉంది.

ఒయంతాయ్‌తంబోలో ఇంకాల నాటి వీధులు, కాలువలు అలాగే ఉన్నాయి, వాటిలో జనం ఇప్పటికీ కాపురం ఉంటున్నారు. అక్కడి కోట మెట్లు నిటారుగా ఉంటాయి. సగం ఎక్కి కూర్చున్నా లోయంతా కనబడుతుంది, పైదాకా పోనక్కరలేదు. ఒక రోజు కారు మాట్లాడుకొని మరాస్ ఉప్పు మళ్లు, మొరాయ్ గుండ్రటి మెట్ల పొలాలు చూసి రండి. మరాస్‌లో కొండ లోపలి నుంచి వచ్చే ఉప్పునీటి ఊటను సన్నటి కాలువలతో మూడు వేలకు పైగా చిన్న మళ్లలోకి వదిలి ఆరబెడతారు, ఒక్కొక్క మడి ఒక్కొక్క కుటుంబానిది. కొండవాలు మీద ఉప్పు పండడం చూస్తే మన కోస్తాలో కొఠారులు చూసిన కంటికి నమ్మబుద్ధి కాదు.

ఆ లోయలో మీకు స్పానిష్‌తో పాటు కెచువా భాష వినబడుతుంది. అది ఇంకాల రాజభాష, ఇప్పటికీ ఆండీస్ కొండల్లో లక్షల మంది మాట్లాడుతున్నారు. దాని తీరు మన చెవికి చిత్రంగా దగ్గరగా ఉంటుంది. వాక్యంలో క్రియ చివరకు వస్తుంది, విభక్తులు మాటకు వెనక అతుక్కొంటాయి. ‘వసి’ అంటే ఇల్లు, ‘వసిపి’ అంటే ఇంట్లో, ‘వసికున’ అంటే ఇళ్లు. వసి అనగానే మన వసతి గుర్తుకు వస్తుంది కానీ, అది కాకతాళీయం. దానిని పట్టుకొని చుట్టరికాలు కలపవద్దు. నాకు ఇంకా ముచ్చటగా తోచినది ఏమిటంటే, ఇంగ్లీషులోగానీ స్పానిష్‌లోగానీ లేని ‘మనం’, ‘మేము’ తేడా కెచువాలో ఉంది: వినేవారిని కలుపుకొంటే ‘న్యొఖంచిక్’, వినేవారిని వదిలేస్తే ‘న్యొఖయ్కు’. స్పానిష్ వాక్యాలు ఒక ఇరవై నేర్చుకొని వెళ్లండి, ఫోనులో అనువాదం చేసే యాప్‌ను నెట్ లేకుండా పనిచేసేలా దించుకోండి. ‘న్యొఖంచిక్’ అనే ఒక్క కెచువా మాట మాత్రం సరదాకు గుర్తుంచుకొని బజారులో ముసలమ్మల దగ్గర వాడి చూడండి.

మాచు పిచ్చు విషయంలో ఏర్పాట్లన్నీ ముందుగా జరగాలి. రోజుకు 4,500 మందిని, రద్దీ రోజుల్లో 5,600 మందిని మాత్రమే లోపలికి పంపుతారు. ప్రవేశ టికెట్టు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు, గంట, దారి అన్నీ ముద్రించి ఉంటాయి. ఆగస్టు టికెట్లు నెలల ముందే అయిపోతాయి కాబట్టి విమానం టికెట్టుతో పాటే ఇదీ కొనండి. గేటు దగ్గర అసలు పాస్‌పోర్టే చూపాలి, జిరాక్సు పనికిరాదు. 2024 నుంచి అక్కడ మూడు ప్రధాన మార్గాలు పెట్టారు. ఒకటోది పై మెట్ల నుంచి మొత్తం నగరాన్ని చూపి పంపేస్తుంది. పుస్తకాల్లో కనబడే బొమ్మ అక్కడిదే. రెండోది ఆ దృశ్యంతో పాటు నగరం మధ్యలోకి తీసుకువెళ్తుంది. మూడోది కింది భాగంలో సాగుతుంది, ఎక్కడం దిగడం తక్కువ. మీ మోకాలి కోసం మూడోది తీసుకొమ్మని ఎవరైనా చెబుతారు, కానీ నేను చెప్పను. అంత దూరం వెళ్లి ఆ పైనుంచి చూడకుండా వస్తే మీరు నన్ను జీవితాంతం తిట్టుకొంటారు. మాచు పిచ్చు కొండ కింద ఉన్న అగ్వాస్ కాలియెంతెస్ అనే ఊళ్లో రెండు రాత్రులు ఉండి, ఒక రోజు రెండో మార్గం, మరునాడు మూడో మార్గం, రెండు టికెట్లు కొనుక్కోండి. ఖర్చే, కానీ మీరు వదిలేసిన ఆరు చోట్ల ఖర్చు ఇక్కడ పెడుతున్నారనుకోండి. చేతికర్ర వయసు మీదపడినవారికి అనుమతిస్తారు, కొసకు రబ్బరు తొడుగు ఉండాలి. లోపల మరుగుదొడ్లు లేవు, ఒకసారి బయటికి వస్తే తిరిగి పోనివ్వరు. కాబట్టి ఆ పని గేటు బయటనే ముగించుకోండి. పక్కనున్న వైనా పిచ్చు శిఖరం ఎక్కే టికెట్టు ఎవరు అంటగట్టినా తీసుకోవద్దు. వైనా అంటే కుర్ర, మాచు అంటే ముసలి. మన వయసుకు ముసలి కొండే మర్యాద.

అగ్వాస్ కాలియెంతెస్‌కు రోడ్డు లేదు. ఒయంతాయ్‌తంబో నుంచి నదిని ఆనుకొని వెళ్లే రైలులో గంటన్నరకు పైగా పడుతుంది, అందులో చిన్న సంచి మాత్రమే రానిస్తారు, పెద్ద పెట్టెను ఒయంతాయ్‌తంబో హోటలులో ఉంచి వెళ్లాలి. అక్కడి నుంచి గేటుకు బస్సు, అరగంట, మన తిరుమల ఘాట్ రోడ్డులాంటి మలుపులు. ఆ ప్రాంతంలో ఆందోళనల వలన రైళ్లు ఆగిపోవడం అప్పుడప్పుడు జరుగుతుంది. 2023 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మాచు పిచ్చును కొన్ని వారాలు మూసేశారు కూడా. రెండు రాత్రులు ఉండమనడానికి అది రెండో కారణం.

అక్కడికి చేరాక గైడు చెప్పేది వింటూనే గోడలను దగ్గరగా చూడండి. 1450 ప్రాంతంలో పచకుతి అనే చక్రవర్తి కాలంలో కట్టిన నగరమిది. రాతికీ రాతికీ మధ్య సున్నం లేదు, గోడలు లోపలికి కొద్దిగా వాలి ఉంటాయి, తలుపులు, గూళ్లు అన్నీ కింద వెడల్పు, పైన ఇరుకు. మీ భాషలో సమలంబ చతుర్భుజాలు. ఆ ఆకారాలే భూకంపాలను తట్టుకొన్నాయి. సుమారు వందేళ్ల తరువాత నగరం ఖాళీ అయింది. 1911లో అమెరికా అన్వేషకుడు హైరమ్ బింగమ్ ‘కనుగొన్నాడు’ అని మన పాఠ్యపుస్తకాలు రాస్తాయి. ఆయన వెళ్లినప్పుడు అక్కడ రైతు కుటుంబాలు మెట్ల పొలాల్లో పంట వేసుకొంటున్నాయి, దారి చూపింది ఆ ఇళ్లలోని ఒక పిల్లవాడు. బింగమ్ యేల్ విశ్వవిద్యాలయానికి తరలించిన వస్తువులు శతాబ్దం తరువాత తిరిగి వచ్చి కుస్కోలోని కాసా కొంచా మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చూస్తే ఖాళీ గదుల్లో ఎవరు ఎలా బతికారో తెలుస్తుంది.

కుస్కోలో మూడు రాత్రులు. కొరికాంచ అనే సూర్యాలయం గోడల మీద స్పెయిన్‌వాళ్లు మఠం కట్టారు. 1950 భూకంపంలో మఠం చాలా భాగం కూలింది, కింద ఉన్న ఇంకాల నాటి గోడలు చెక్కుచెదరక బయటపడ్డాయి. ప్రధాన చర్చిలో క్రీస్తు చివరి విందు చిత్రం ముందు ఆగి, పళ్లెంలో ఏముందో చూడండి: కాళ్లు పైకెత్తి పడుకొన్న కూయ్, అంటే అక్కడివారు పండుగకు వండుకొనే గినీ పంది. స్థానిక చిత్రకారుడు మార్కోస్ సపాతా తన ఊరి భోజనమే ఏసుక్రీస్తుకూ వడ్డించాడు. హోటళ్ల ముందు ఆ జంతువును పుల్లకు గుచ్చి కాలుస్తుంటారు. మీకు ముందే చెప్పి ఉంచుతున్నాను, వీధి మలుపులో అకస్మాత్తుగా కనబడితే కడుపు తిప్పుతుంది.

తిండి విషయంలో మీరు నేర్చుకోవలసిన వాక్యం ‘సిన్ కార్నె’ (మాంసం లేకుండా) కాదు. అక్కడ కార్నె అంటే గొడ్డుమాంసం, పందిమాంసం వంటివే స్ఫురిస్తాయి. నేను రెండు పూటలు ‘సిన్ కార్నె’ అని చెప్పి, కోడి ముక్కలు తేలే చారు ముందు కూర్చున్నాను. ‘సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ వేవో’ అని మాంసం, కోడి, చేప, గుడ్డు నాలుగూ విడివిడిగా చెప్పండి. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపితే ఇంకా మేలు. చారులో కోడి ఉడికించిన నీళ్లు పోసే అలవాటు ఉంది, అది కూడా అడగాలి. మరి ఏం తింటారంటే, జున్నుతో పెట్టే పెద్ద గింజల మొక్కజొన్న పొత్తు, పచ్చి బఠాణీల కంటే పెద్దవైన చిక్కుడు గింజలు, క్వినోవా, పాలు జున్ను మిరప కలిపిన వాంకాయినా గుజ్జు పోసిన బంగాళదుంపలు (పైన పెట్టే గుడ్డు ముక్క వద్దనండి). కుస్కో బజారులో బంగాళదుంపలు నలుపు, ఊదా, పసుపు, గులాబి రంగుల్లో కుప్పలుగా ఉంటాయి. రొకోతో మిరపకాయ టమాటాలా బొద్దుగా ఉంటుంది కానీ, గుంటూరు మనిషిని కూడా కూర్చోబెడుతుంది. ఒక చిన్న సీసాలో కందిపొడి పట్టుకెళ్లండి. ఊరగాయ వద్దు, సంచిలో కారితే పన్నెండు రోజులూ దానితోనే కాపురం.

ఇక మీ తమ్ముడు గారికి చెప్పవలసినవి. లిమాలో వీధిలో నిలబడి టాక్సీ ఆపకుండా యాప్‌లోనో, విమానాశ్రయంలోపలి కౌంటరులోనో మాట్లాడుకోండి. రోడ్డు పక్కన నడుస్తూ ఫోను చేతిలో పట్టుకోవద్దు, మోటారు సైకిలు మీద వచ్చి లాక్కుపోతారు. చీకటి పడ్డాక ఊరి మధ్య తప్ప నడవవద్దు. డబ్బు అక్కడ సోల్ అంటారు. చిల్లర ఉంచుకోండి, అంచు చిరిగిన డాలరు నోటును ఎవరూ తీసుకోరు. పెరూ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక, ఆయన ఉదయం కాఫీ వేళ మీకు ముందురోజు రాత్రి భోజనం వేళ. రోజూ ఆ సమయంలో ఒక్క సందేశం పంపుతానని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోండి. ఆయనకు ధైర్యం కలిగించేది ఆ క్రమమే, వాదన కాదు. నిజం చెప్పాలంటే ఒంటరి ప్రయాణంలో నాకు కష్టంగా తోచినది దొంగల భయం కాదు, రాత్రి భోజనం బల్ల. నలుగురికి వేసిన బల్ల దగ్గర ఒక్కరే కూర్చుని పావుగంట ఎదురుచూడడం మొదటి మూడు రోజులు దుర్భరం. మీకు నాలుగేళ్లుగా ఆ బల్ల అలవాటే కాబట్టి నాకంటే మీకు ఎక్కువ తెలుసు. నేను మధ్యాహ్నం కడుపునిండా తిని, రాత్రికి గదిలో పళ్లతో సరిపెట్టుకొనేదాన్ని. ఎత్తు ప్రదేశంలో ఒంటికీ అదే మంచిది.

చివరగా చీర. మాచు పిచ్చు మెట్ల మీద, మరాస్ గట్ల మీద వద్దు. కుచ్చిళ్లు కాలికి అడ్డంపడితే పక్కన పట్టుకొనే కమ్మీ ఉండదు. ఆ రోజుల్లో పంజాబీ డ్రెస్సు, లోపల ఉన్ని, కాలికి పట్టున్న బూట్లు. కానీ లోయలో ఒక పూటకు ఒక నేత చీర పెట్టెలో పెట్టుకోండి. ఒయంతాయ్‌తంబో బజారులో నేను మంగళగిరి చీర కట్టుకొని వెళ్లినప్పుడు, నడుముకు కట్టిన మగ్గం మీద ఎర్రటి శాలువా నేస్తున్న ఒకామె పని ఆపి చేయి చాపింది. ఆ ఎరుపు నాగజెముడు మీద బతికే కొచినీల్ పురుగులను నలిపి తీసినదని, నిమ్మరసం తగిలితే రంగు మారుతుందని అంతకు ముందే అరచేతిలో నలిపి చూపించింది. నా కొంగును వేళ్ల మధ్య పట్టుకొని, ముందు వైపు ఒక్క క్షణం చూసి, తిరగేసి వెనక వైపు చాలాసేపు చూసింది. మంగళగిరిలో చీర కొనేటప్పుడు మా మేనత్త చేసేది అదే. జరీ అంచు వెనక పోగులు ఎక్కడ తెగాయో, ఎక్కడ అతికారో అని. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. అంచు మీద ఒక చోట వేలు పెట్టి నావైపు చూసి తల ఊపింది. అక్కడ ఒక పోగు తప్పింది. ఏడేళ్లుగా కడుతున్న చీర, అంతవరకు నేను చూడలేదు.